వృథా కాని విద్య

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836లో అమెరికాలో జన్మించిరి. యౌవనమందు భూములు కొలిచెడి సర్వేపని నేర్చిరి. పిమ్మట దేవుని పిలుపునకు లోబడి, 1866లో ఒంగోలులో సేవ ఆరంభించిరి. గొలుసు పట్టిన దినములు గతించినట్లే తోచెను.

1876-78 కరువులో, ఆకలిగొన్నవారికి పని కల్పించుటకై, బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వించెడి కాంట్రాక్టు ఆయన తీసికొనిరి. ఆ పాతవిద్యయే అప్పుడు అక్కరకు వచ్చెను. కూలివారు అలసట తీర్చుకొను వేళ బోధకులు సువార్త చెప్పిరి. అయినను అన్నము కొరకు ఎవరును మతము పుచ్చుకొనరాదని, కరువుకాలమున ఆయన బాప్తిస్మములు నిలిపివేసిరి. కూలిపని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ప్రభువుకు అప్పగించినది చిన్న విద్యయైనను, దానికి తగిన దినమును ఆయనే ఏర్పరచును.