ఆల్బెర్ రొబీదా

ఆల్బెర్ రొబీదా (1848 మే 14 - 1926 అక్టోబరు 11) ఫ్రాన్సు దేశానికి చెందిన వ్యంగ్య చిత్రకారుడు, నవలా రచయిత, పత్రికా సంపాదకుడు. భవిష్యత్తును హాస్యంగా చిత్రిస్తూ ఈయన 1883లో ప్రచురించిన "ల వాంతియెమ్ సియెక్ల్" (ఇరవయ్యో శతాబ్దం) అనే సచిత్ర నవల ప్రసిద్ధి చెందింది. మొదట వినోదం కోసం చదివిన ఈ పుస్తకాన్ని తరువాతి తరాలవారు భవిష్యవాణిగా భావించారు. ఈ రెండు అభిప్రాయాలలో ఏది సరైనదన్న చర్చ ఈయన మరణానంతరం కూడా కొనసాగింది.

బాల్యం, తొలి జీవితం

రొబీదా ప్యారిస్ నగరానికి ఉత్తరాన ఉన్న కాంపియెన్ పట్టణంలో ఒక వడ్రంగి కుటుంబంలో జన్మించాడు. నోటరీ వృత్తిలో స్థిరపడాలని చదువు ప్రారంభించాడు గాని, దస్తావేజుల పని ఈయనకు రుచించలేదు. ఆ విసుగులో వ్యంగ్య చిత్రాలు గీయడం అలవాటు చేసుకున్నాడు. 1866లో "జుర్నాల్ అమ్యూజాన్" అనే హాస్య పత్రికలో చిత్రకారుడిగా చేరడంతో ఈయన వృత్తి జీవితం మొదలైంది. 1870-71లో ప్రష్యా సేనలు ప్యారిస్‌ను ముట్టడించినప్పుడు, ఆ తరువాత ప్యారిస్ కమ్యూన్ కాలంలోనూ నగరంలోనే ఉండి, కళ్ళారా చూసిన దృశ్యాలను బొమ్మలుగా గీశాడు. యుద్ధం గురించి ఈయన తరువాత వ్రాసిన పుస్తకాలకు ఈ అనుభవం నేపథ్యంగా నిలిచింది.

1880లో ప్రచురణకర్త జార్జ్ దెకోతో కలిసి "లా కారికాతూర్" అనే వారపత్రికను స్థాపించి, 12 సంవత్సరాల పాటు సంపాదకత్వం వహించాడు. అంతకుముందే, 1879లో, "సతుర్నాఁ ఫరాందూల్" అనే కథానాయకుడి సాహసయాత్రలతో జూల్స్ వెర్న్ నవలలకు ఒక పెద్ద పేరడీ వ్రాశాడు. ఈ పుస్తకం ఆధారంగా ఇటలీలో 1910వ దశకంలో మూకీ చిత్రం కూడా వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం

1883లో వెలువడిన ఈ నవలలో కథ 1952లో మొదలవుతుంది. ఎలెన్ కొలోబ్రీ అనే అనాథ యువతి చదువు ముగించుకొని, తన సంరక్షకుడైన పోంతో అనే ధనిక బ్యాంకరు ఇంటికి చేరుతుంది. ఏదో ఒక వృత్తి చేపట్టి తన కాళ్ళ మీద తాను నిలబడాలని అతడు ఆమెను ఒత్తిడి చేస్తాడు. న్యాయవాదం, రాజకీయం, పత్రికారచన ఇలా ఒక్కొక్క వృత్తిలో ప్రవేశించి ఆమె విఫలమవుతూ ఉంటుంది. చివరకు బ్యాంకరు కుమారుడిని వివాహమాడుతుంది.

కథ పలుచనిదైనా, దాని చుట్టూ అల్లిన లోకం విస్తారమైనది. నగరవాసులు గాలిలో ఎగిరే బండ్లలో తిరుగుతారు. విజయతోరణం మీద హోటలు వెలసింది. వంటను ఒక కంపెనీ గొట్టాల ద్వారా ఇంటింటికీ సరఫరా చేస్తుంది. ఒకచోట గొట్టం పగిలి సూపు ఇంటిని ముంచెత్తుతుంది. ఇటలీ దేశం మొత్తం విహారస్థలంగా మారిపోయింది. ఫ్రాన్సులో పదేళ్ళకొకసారి విప్లవాన్ని పండుగలాగా జరుపుతారు.

వీటన్నిటిలో బాగా పేరుపొందినది "టెలిఫోనోస్కోపు". దూరాన ఉన్న మనిషిని చూస్తూ మాట్లాడటానికి, ఇంట్లోనే కూర్చొని నాటకం చూడటానికి, వార్తలు తెలుసుకోవడానికి ఈ యంత్రం ఉపయోగపడుతుంది. అయితే ఈ ఊహ పూర్తిగా రొబీదా సొంతం కాదు. ఆంగ్ల చిత్రకారుడు జార్జ్ డు మారియర్ 1878 చివరిలో "పంచ్" పత్రిక కోసం ఇటువంటి యంత్రాన్ని గీశాడు. 1881లో ప్యారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో సందర్శకులు టెలిఫోను ద్వారా ఒపేరా సంగీతం విన్నారు. రొబీదా ప్రత్యేకత ఆ యంత్రాన్ని సామాన్య కుటుంబ జీవితంలోకి తెచ్చి చూపడంలో ఉంది.

తరువాతి పుస్తకాలు

1887లో వచ్చిన "లా గేర్ ఓ వాంతియెమ్ సియెక్ల్" (ఇరవయ్యో శతాబ్దంలో యుద్ధం) అనే చిత్రసంపుటిలో 1945లో జరిగే ఒక యుద్ధాన్ని వర్ణించాడు. కవచాలు తొడిగిన వాహనాలు, జలాంతర్గాములు, రసాయనిక దళాలు, రోగక్రిములను ఆయుధాలుగా వాడే వైద్య దళాలు ఇందులో కనిపిస్తాయి.

1890ల ఆరంభంలో వెలువడిన "లా వీ ఎలెక్త్రిక్" (విద్యుత్ జీవితం) ఇరవయ్యో శతాబ్దానికి కొనసాగింపు. ఒక విద్యుత్ తుఫానులో టెలిఫోనోస్కోపు తీగలు తారుమారు కావడంతో, ఫిలోక్స్ లోరిస్ అనే మహాశాస్త్రవేత్త కుమారునికి ఎస్తెల్ అనే అపరిచిత యువతి తెరపై కనిపిస్తుంది. తండ్రికి ఈ ప్రేమ ఇష్టం ఉండదు. ఈ నవలలో హాస్యంతో పాటు ఆందోళన కూడా ఉంది. గాలి, నదులు కలుషితమై, మనుషులు తీరికలేని బతుకుతో నీరసించిపోతారు. యంత్రాలను నిషేధించిన బ్రిటనీ ప్రాంతానికి విశ్రాంతి కోసం వెళ్తారు.

పాఠకుల, విమర్శకుల అభిప్రాయాలు

తొలి పాఠకులకు రొబీదా ఒక హాస్య పత్రిక సంపాదకుడిగానే పరిచయం. అందువలన ఇరవయ్యో శతాబ్దం వారికి ప్రధానంగా వినోద గ్రంథం. వెర్న్‌తో పోలిక మొదటినుండీ ఉంది. వెర్న్ యంత్రం ఎలా పనిచేస్తుందో లెక్కలతో వివరిస్తాడు; రొబీదా ఆ యంత్రం వచ్చాక ఇంట్లో, వీధిలో, పెళ్ళిళ్ళలో ఏమి జరుగుతుందో చూపుతాడు. శాస్త్రీయ వివరణ కోరేవారికి ఇది లోపంగా, సమాజ చిత్రణ కోరేవారికి ఇదే గుణంగా తోచింది.

టెలివిజన్ వ్యాప్తిలోకి వచ్చిన తరువాత ఈ పుస్తకాన్ని చూసే దృష్టి మారిపోయింది. జాన్ లోగీ బెయిర్డ్ లండన్‌లో టెలివిజన్‌ను ప్రదర్శించినది 1926 జనవరిలో. అదే సంవత్సరం అక్టోబరులో రొబీదా మరణించాడు. తరువాతి పాఠకులు నిజమైన ఊహలను ఏరి, ఈయనను ద్రష్టగా కీర్తించారు. ఈ కీర్తిలో కొంత అతిశయోక్తి ఉంది. గొట్టాలలో భోజనం, పదేళ్ళ విప్లవం వంటివి జరగలేదు. ఆయన గీసిన 1952 నాటి మనుషుల దుస్తులు, మర్యాదలు చాలావరకు 1880ల నాటివే. ఈ పుస్తకం రాబోయే కాలం కంటే తన కాలాన్నే ఎక్కువగా పరిహసించిందని చెప్పేవారూ ఉన్నారు.

స్త్రీల విషయంలో అభిప్రాయభేదాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. ఫ్రాన్సులో స్త్రీలు న్యాయవాదులుగా ప్రమాణం చేయడం 1900లోను, వారికి ఓటుహక్కు లభించడం 1944లోను జరిగింది. అంతకు ఎన్నో సంవత్సరాల ముందే రొబీదా వారిని న్యాయస్థానంలో, చట్టసభలో చూపాడు. కాని ఎలెన్ ప్రతి వృత్తిలోను ఓడిపోయి వివాహంతో స్థిరపడటం వలన, రచయిత స్త్రీల స్వేచ్ఛను సమర్థించాడా, ఎగతాళి చేశాడా అన్నది తేలని ప్రశ్నగా మిగిలింది.

2004లో ఈ నవలకు ఫిలిప్ విలెమ్స్ ఆంగ్లానువాదం వెలువడడంతో ఫ్రెంచి రాని పాఠకులకు కూడా పూర్తి గ్రంథం అందుబాటులోకి వచ్చింది.

గతంపై మక్కువ

భవిష్యత్తు గురించి వ్రాసిన ఈయనకు పాత కట్టడాలంటే అమితమైన ప్రేమ. నార్మండీ, బ్రిటనీ, తురేన్, ప్రొవాన్స్ ప్రాంతాల ప్రాచీన పట్టణాలపై సచిత్ర గ్రంథాలు ప్రచురించాడు. రాబ్లే రచనలకు బొమ్మలు వేశాడు. 1900లో ప్యారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో సెన్ నది ఒడ్డున మధ్యయుగపు నగరాన్ని తలపించే "వ్యూ పారీ" (పాత ప్యారిస్) విభాగానికి రూపకల్పన చేశాడు. 1902లో కాలం వెనక్కు నడిచే కథతో ఒక నవల వ్రాశాడు.

చివరి దశ

1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధం రొబీదా హాస్యాన్ని చేదుగా మార్చింది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ వద్ద జర్మను సైన్యం క్లోరిన్ వాయువును ప్రయోగించింది. 1916లో ట్యాంకులు యుద్ధభూమిలోకి వచ్చాయి. నవ్వు కోసం గీసిన బొమ్మలు ఈయన జీవితకాలంలోనే వాస్తవమయ్యాయి. 1919లో ప్రచురించిన "లంజెన్యూర్ ఫోన్ సతనాస్" అనే నవలలో విజ్ఞానం మారణహోమానికి సాధనమైన తీరును తీవ్రంగా ఖండించాడు. ఇందులో పూర్వపు ఉల్లాసం కనిపించదు.

1926 అక్టోబరు 11న ప్యారిస్ సమీపంలోని న్యుయీలో రొబీదా మరణించాడు. ఆనాటికి ఈయన పేరు చాలావరకు మరుగున పడింది. ఇరవయ్యో శతాబ్దపు రెండవ భాగంలో వైజ్ఞానిక కల్పనా సాహిత్య చరిత్రకారులు ఈయన రచనలను తిరిగి వెలుగులోకి తెచ్చారు. ప్రస్తుతం రొబీదాను వెర్న్, హెచ్.జి.వెల్స్‌లతో పాటు ఆ సాహిత్యానికి ఆద్యులలో ఒకనిగా పేర్కొంటారు.