పేదల పక్షాన నిలిచిన అధికారి ఎస్.ఆర్. శంకరన్

మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల హాస్టళ్లలో చదివే మన పిల్లలందరూ తెలుసుకోవలసిన పేరు ఎస్.ఆర్. శంకరన్. 1934లో తమిళనాడులో పుట్టి, 1957లో ఐఏఎస్‌లో చేరి, మన రాష్ట్రంలో పనిచేశారు.

1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఆయన దాన్ని ఫైళ్లలో ఉంచలేదు. ఊళ్లకు వెళ్లి, వెట్టివాళ్లకు ఇక ఆ పాత అప్పు తీర్చనక్కర్లేదని చెప్పారు. ప్రభుత్వ పెద్దలకు అది నచ్చలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు, సెలవు పెట్టి తప్పుకున్నారు. త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయన్ను తమ రాష్ట్ర ప్రధాన కార్యదర్శిగా పిలిపించుకున్నారు. ఆ రోజుల్లోనే, 1982లో, అక్కడి గిరిజన ప్రాంతాలకు స్వయంపాలన మండలి ఏర్పడింది.

తిరిగొచ్చాక హాస్టళ్లు, గురుకులాల మీద మనసు పెట్టారు. పెళ్లి చేసుకోలేదు. సంపాదనలో చాలా భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చారు. 2005లో పద్మభూషణ్ వద్దన్నారు. 2010 అక్టోబరు 7న కన్నుమూశారు.

మీలో రేపు తహసీల్దార్లు, కలెక్టర్లు అయ్యేవారు ఉన్నారని మా నమ్మకం. చట్టం పేదవాడి వైపు ఉండి, పైనుంచి వద్దనే మాట వచ్చిన రోజున శంకరన్ గారిని తలచుకోండి. ఆ కుర్చీ మీకు ఎవరి కోసం ఇచ్చారో అప్పుడు గుర్తొస్తుంది.