డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మిరపకాయలు కల్లములలో ఆరు దినములలో మన పర్చూరు ప్రాంతమున దగ్గని యిల్లుండదు. మిరపఘాటును పత్తిదుమ్మును దానికి కారణములని తలంచుచుందుము. పెక్కుమారులది నిజమే. కాని యొకానొకని దగ్గు పంటకాలము గడచినను తగ్గదు. పగలు సద్దుమణిగి, నడిరేయి పిల్లికూతలతో లేపి కూర్చుండబెట్టును. అప్పుడిరుగుపొరుగువారు క్షయయని గుసగుసలాడుదురు. ఆ యొక్కమాటతో కుదిరిన పెండ్లి చెడును, తినెడి కంచము వేరగును. అట్టి దగ్గులలో నొకదానిని మాన్పు మందు మన తెలుగువాని పరిశోధనశాలనుండి వెలువడినదని యెరిగినవారు తక్కువ. కావున నా మహాశయుని చరిత్రమును సంఘసభ్యులకును పోషకులకును విన్నవించుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జగన్నాథముగారికిని వెంకమ్మగారికిని జన్మించిరి. బాల్యమున, కాశిలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచిపోగా, మరల తెచ్చి బడిలో వేసిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో వెలుపలికి వచ్చిరి. సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణీరోగమున కొలది దినముల యెడముతో గతించిరి. తామును ఆ రోగమున బడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికిరి.

అమెరికాకు పోయి చదువవలెనను కోరిక కలిగెను గాని చేత ధనము లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థయు, మామగారును తోడ్పడగా 1923లో బోస్టన్ నగరము చేరిరి. రాత్రులు ఆసుపత్రిలో సేవకుని పనులు చేయుచు హార్వర్డులో విద్య నభ్యసించిరి. దేహమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కుగారితో గూడి 1925లో ప్రకటించిరి. 1940లో లెడర్లీ సంస్థలో జేరి, అచటి పరిశోధనలకు నాయకులైరి. ఆ పరిశోధనల ఫలముగా 1947లో బోదకాలు పురుగులను చంపు డైఇథైల్ కార్బమజీన్ అను మందు వెలువడెను.

బోదకాలి మందునకును దగ్గునకును సంబంధమేమని చదువరులడుగవచ్చును. మదనపల్లెకడ ఆరోగ్యవరపు క్షయచికిత్సాలయమున ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అను వైద్యులు 1940లో నొక వింత ప్రకటించిరి. కొందరు రోగుల యెక్స్‌రే పటము క్షయను బోలియుండును; కఫమున క్షయక్రిములు కానరావు; నెత్తుటిలో ఈసినోఫిల్ అను తెల్లకణములు మాత్రము మితిమీరి యుండును. అనగా వారు క్షయరోగులే కారు. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ట్రాపికల్ ఈసినోఫిలియా యని పేరిడి, పాషాణపు మందులతో చికిత్స చేసెను. ఈ రోగమునకు మూలము దోమకాటుచే దేహమున జొచ్చిన బోదకాలు పురుగేయని పిదప తేలెను. దాని పిల్లపురుగులు నెత్తుటిలో కానరాకున్నను, వానిపై దేహము చేయు తీవ్రప్రతిక్రియచే ఊపిరితిత్తులు బాధపడును. 1950 దశకమునుండి సుబ్బారావుగారి శాలనుండి వచ్చిన మందే దీనికి చికిత్సయయ్యెను, నేటికిని అదియే. దానిని చూచుటకు వారు లేరు. 1948 ఆగస్టులో న్యూయార్కునందు, స్వదేశమును మరల చూడకయే, తమ యేబదిమూడవయేట దివంగతులైరి.

మన ప్రాచీనులు చికిత్సకు ముందు నిదానము నుంచిరి. కాసశ్వాసములను లక్షణభేదముచే వేరుపరచిన పిదపనే ఔషధమును చెప్పిరి. నేటి వైద్యులు చేయునదియు నదియే. రాత్రిదగ్గును, పిల్లికూతలును గల రోగికి కఫపరీక్షయందు క్షయ లేదని తేలి, ఘనమిల్లీమీటరు నెత్తుట ఈసినోఫిల్ కణములు 3000కు మించినచో ఈ రోగమును శంకింతురు. సామాన్యముగా మూడువారముల మందుతో గుణము కనబడును. ఉపేక్షించినచో ఊపిరితిత్తులు శాశ్వతముగా చెడవచ్చును. మందును వైద్యుని యాజ్ఞలేక మ్రింగరాదు. ఒకవేళ పరీక్షలో క్షయయే తేలినను అది సిగ్గుపడదగినది కాదు, మందులతో మానునదే.

సభ్యులకు మా విన్నపమొకటి: రెండువారములు మించిన దగ్గునకు ఇరుగుపొరుగుల నోట పేరు పెట్టింపక వైద్యునిచే పెట్టింపుడు. పోషకులకు మరియొకటి: కాకినాడలోని ధర్మసంస్థ యొక పేదవిద్యార్థికి చేయూత నొసంగగా, ఆ ఫలము నేటికిని ఎల్లజాతుల రోగులకు అందుచున్నది. మన విద్యార్థివేతననిధికి మీరొసంగు ధనము ఎవ్వని చేత నెట్టి ఫలమిచ్చునో నేడు చెప్పలేము. ఈయకున్న ఫలమే లేదని మాత్రము చెప్పగలము.