స్టాన్లీ గిబ్బన్సు: తపాలా బిళ్లల వెల

తాతగారి జాబులనుండి బిళ్లలను పెఱికి, కేటలాగులోని వెలలను కూడి, ధనికులమైతిమని సంతసించు బాలురు మన యెఱ్ఱమంచి ప్రాంతమున లేకపోరు. వారు ఎడ్వర్డు స్టాన్లీ గిబ్బన్సు చరిత్రము నెఱుగుట మేలు.

ఈతడు ఇంగ్లండునందలి ప్లిమతు రేవుపట్టణమున 1840 జూను 30వ తేదీన జన్మించెను. లోకమున మొదటి తపాలా బిళ్ల వెలువడినదియు నా యేటనే. 1856లో తండ్రి మందుల దుకాణమునందే యొక మూల బిళ్లల వర్తక మారంభించెను. 1863లో నిద్దఱు నావికులు కేపు దేశపు ముక్కోణపు బిళ్లల మూటను దేగా, అయిదు పౌనులిచ్చి కొనెను. వారికి చిత్తుకాగితములైనవి యీతనికి పెన్నిధి యయ్యెను.

1865 నవంబరులో నాతని మొదటి ధరల పట్టిక వెలువడెను. అది వర్తకుడు తన సరకునకు వేసికొన్న అమ్మకపు జాబితా. ఈ మూలమును మఱవరాదు. నేటికిని ఆ కేటలాగునందలి వెల, చిరుగును మరకయు లేని బిళ్లను వర్తకు డమ్ము వెలయే కాని మనయొద్ద కొను వెల గాదు. వెదకి, గుర్తించి, అందించు శ్రమకూలియు నందు జేరును. కావుననే యతిసామాన్యమగు బిళ్లకును కొంత కనీసపు వెల యుండును. అట్టి కూలి యొక్కసారియే పడుటచే, పూర్తి వరుస వెల విడివెలల మొత్తముకంటె తఱచుగా తక్కువ. ముద్ర పడనిదానికొక వెల, పడినదానికి వేఱొకటి. ప్రాచీనత యొక్కటియే చాలదు. తెలుగక్షరములును గల హైదరాబాదు సంస్థానపు అర్ధణా బిళ్ల 1871లో మొదలై యేండ్లతరబడి ముద్రితమగుటచే, నేడును స్వల్పమునకే లభించును. ప్రాచీనపు కవరుపైనున్న బిళ్లను పెఱికినచో వెల తఱుగుటయు గలదు!

1874లో గిబ్బన్సు లండనునకు తరలెను. 1890లో వ్యాపారమును చార్లెసు ఫిలిప్సునకు 25,000 పౌనులకు విక్రయించి, దేశాటనము సల్పి, 1913 ఫిబ్రవరి 17వ తేదీన మృతినొందెను. ఆతని పేరిటి కేటలాగు నేటికిని వెలువడుచున్నది.