కళాప్రియుడు నవాబ్ సాలార్‌జంగ్

మన అనంతపురం నుంచి హైదరాబాదు వెళ్ళేవారికి ఏదో ఒక పని వుంటుంది. ఆసుపత్రి పనో, ఆఫీసు పనో, పెళ్ళి బట్టల కొనుగోలో, హజ్ యాత్రకు వెళ్ళే పెద్దలను సాగనంపడమో. పని ముగిసి, రాత్రి కాచిగూడలో రైలెక్కేలోగా ఒక పూట చిక్కిందంటే పిల్లలు వూరుకోరు. చార్మినార్ చూడాలి, ఆ తర్వాత మ్యూజియం చూడాలి. మ్యూజియం అంటే మనవాళ్ళకు సాలార్‌జంగ్ మ్యూజియమే. శుక్రవారం సెలవన్న సంగతి మరచిపోయి గేటు దాకా పోయి తిరిగివచ్చిన కుటుంబాలు కూడా మనలో లేకపోలేదు.

లోపలికి వెళ్ళినవారంతా మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకు గడియారం ముందు చేరతారు. చిన్న తలుపు తెరుచుకొని గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి, గంట కొట్టి, మళ్ళీ లోపలికి పోతుంది. పన్నెండు దెబ్బలూ పిల్లలు పైకి లెక్కపెడతారు. ఇంటికొచ్చి పది రోజులు అదే ముచ్చట. అయితే ఇవన్నీ ఒకచోట చేర్చిన మనిషి ఎవరు, ఆయన రోజులు ఎలా గడిచాయి, ఆయన ఇంటి సంగతులేమిటి అని అడిగితే మనలో చాలామందికి పేరు తప్ప మరేమీ తెలియదు. అందుకే యీ యేటి సంచికలో ఆ నవాబుగారి జీవితాన్ని మా శక్తి కొద్దీ పాఠకుల ముందు వుంచుతున్నాము.

మొదట ఒక చిక్కు విప్పుకోవాలి. సాలార్‌జంగ్ అన్నది ఒక మనిషి పేరు కాదు, బిరుదు. అది ఒకే ఇంట్లో వరుసగా మూడు తరాల వారికి దక్కింది. తాతగారు మీర్ తురాబ్ అలీఖాన్. 1853లో, ఇరవైనాలుగేళ్ళ వయసులో, నిజాం రాజ్యానికి దివాన్ అయి, 1883లో కన్నుమూసే వరకు ముప్ఫై ఏళ్ళు ఆ పదవిలోనే వున్నారు. అప్పుల్లో మునిగివున్న ఖజానాను ఒక దారికి తెచ్చిన ఘనత ఆయనది. తండ్రిగారు మీర్ లాయఖ్ అలీఖాన్ 1884 నుంచి 1887 దాకా దివాన్‌గా పనిచేశారు. మనుమడు మీర్ యూసుఫ్ అలీఖాన్. మ్యూజియంలో మనం చూసే వస్తువుల్లో అధికభాగం చేర్చింది ఈ మూడవ సాలార్‌జంగే. మన సీమ 1800లోనే నిజాం చేతి నుంచి కుంఫిణీ చేతికి పోయి దత్తమండలాలు అనిపించుకుంది గనుక ఈ ముగ్గురి పాలనా మన పెద్దలకు తగలలేదు. అయినా మనకు వారితో సంబంధం బొత్తిగా లేదని చెప్పడానికి వీల్లేదు. అది ముందు ముందు చెబుతాము.

యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పూణేలో పుట్టారు. బిడ్డకు నెల నిండకముందే, జూలై 7న, తండ్రి అదే పూణేలో మరణించారు. తాతగారు అంతకు ఆరేళ్ళ క్రితమే పోయారు. అంత పెద్ద ఇంటికి, అన్ని ఊళ్ళ జాగీరుకు ఉయ్యాలలో వున్న పసివాడే వారసుడైనాడు. తల్లి జైనబ్ బేగం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ బిడ్డ బాగోగులనూ, జాగీరునూ తమ సంరక్షణ కింద పెట్టుకున్నారు. తండ్రి ముఖం ఎరుగని యతీము పిల్లవాడు ఎంత గొప్ప ఇంట్లో పెరిగినా యతీమే గదా. తాతగారు, తండ్రిగారు సమకూర్చిన వస్తువుల మధ్యనే ఆయన బాల్యం గడిచింది. మనిషిగా దొరకని తండ్రి, వస్తువుల రూపంలో ఇల్లంతా వున్నాడన్నమాట.

చదువు నిజాం కాలేజీలో సాగింది. 1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఈయన్ను దివాన్‌గా నియమించారు. అప్పటికి వయసు ఇరవైమూడు. తాత ఏలిన పదవి, తండ్రి ఏలిన పదవి. దానికోసం ఎంతమంది ఎన్ని ఎత్తులు వేశారో చరిత్ర చదివినవారికి తెలుసు. ఈయన మాత్రం రెండేళ్ళు దాటీ దాటకముందే, 1914 నవంబరులో, ఆ పదవి వదులుకున్నారు. ఆపైన బ్రతికిన ముప్ఫైనాలుగేళ్ళూ వస్తువులతోనే, పుస్తకాలతోనే గడిచాయి. పెళ్ళి చేసుకోలేదు.

ఆయన నివాసం పాతబస్తీలోని దివాన్ దేవ్డీ. నవాబుగారికి పాత వస్తువులంటే ప్రాణమన్న కబురు దేశమంతా పాకింది. అమ్మేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో మూటలు కట్టుకొని దేవ్డీకే వచ్చేవాళ్ళు. విదేశాల్లో ఆయనకు ఏజెంట్లుండేవారు. అక్కడి పేరుమోసిన దుకాణాల జాబితాలు, క్యాటలాగులు టపాలో వచ్చేవి. అంతటితో తృప్తి పడక తానే స్వయంగా ఐరోపాకూ, మధ్యప్రాచ్య దేశాలకూ వెళ్ళి చూసి కొనుక్కొచ్చేవారు. కవులకూ, రచయితలకూ, చిత్రకారులకూ ఆయన ప్రాపు వుండేది. తమ వంశం వారిని గురించి పుస్తకాలు వ్రాయించి అచ్చు వేయించారు. భార్యాపిల్లలు లేని ఇంట్లో వంశం కథ నిలబడాలన్న ఆరాటం ఆ పనిలో మాకు కనిపిస్తుంది.

ఇక ఆ వస్తువుల సంగతి. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని చూడనివారుండరు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కినది. రాతిలో ముసుగు, ఆ ముసుగులో నుంచి ముఖం కనిపిస్తాయి. ఇది మాత్రం మనుమడు కొన్నది కాదు, తాతగారు 1876లో ఐరోపా వెళ్ళినప్పుడు రోము నగరంలో కొన్నది. ఈ రెబెక్కా ఎవరో కాదు, హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం గారి కోడలు, హజ్రత్ ఇస్‌హాఖ్ గారి భార్య. ఒకే కొయ్య దుంగలో ముందువైపు మగమనిషి, వెనకవైపు ఆడమనిషి వుండే శిల్పం మరొకటి. వెనకవైపు అద్దంలో చూడాలి. రవివర్మ చిత్రాలున్నాయి. టిప్పు సుల్తానుకు ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ పంపాడని చెప్పే దంతపు కుర్చీలున్నాయి. మన అనంతపురం సీమ కూడా ఒకప్పుడు హైదరలీ, టిప్పుల ఏలుబడిలో వున్నదే గనుక ఆ కుర్చీల ముందు మనవాళ్ళు కాస్త ఎక్కువసేపు నిలబడితే తప్పులేదు.

వ్రాతప్రతుల విభాగం మనవాళ్ళు తొందరలో దాటిపోతుంటారు. అది సరికాదు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ వ్రాతప్రతులు ఎనిమిది వేల దాకా అక్కడున్నాయి. పదమూడవ శతాబ్దంలో బాగ్దాదు లేఖకుడు యాఖూత్ వ్రాసిన ఖురాన్ షరీఫ్ వుంది. దానిపై జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల చేవ్రాళ్ళున్నాయి. ముగ్గురు పాదుషాలు చేతబట్టిన గ్రంథమన్నమాట. దానికి కొద్ది దూరంలోనే మన ఇళ్ళల్లో వాడే రెహలు లాంటిదే, పచ్చరాతితో చేసినది, ఇల్తుత్‌మిష్ సుల్తాను పేరు చెక్కినది కనిపిస్తుంది.

మమ్మల్ని అన్నిటికంటె కదిలించేది మాత్రం పిల్లల బొమ్మల గది. సీసపు సిపాయిల దళాలు, బొమ్మ రైలు, రకరకాల ఆటవస్తువులు. వాటిని తెచ్చిన మనిషికి ఆడుకునే పిల్లలు లేరు. ఆయన మనసులో ఏముందో చెప్పడానికి మనమెవరం? కానీ ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ గది పిల్లలతో కిటకిటలాడుతుంది.

ఇంతదాకా పొగిడాము. ఇక ఒక చేదు మాట కూడా చెప్పకపోతే మేము పాఠకులకు అన్యాయం చేసినవాళ్ళమవుతాము. ఈ డబ్బంతా ఎక్కడిది? జాగీరుది. జాగీరు డబ్బెక్కడిది? రైతుది. సాలార్‌జంగుల జాగీరులో కొప్పళ ఒక ముఖ్యభాగం. కొప్పళ ఇప్పుడు కర్ణాటకలో ఒక జిల్లా. మనకు దూరమేమీ కాదు. గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట దాటి తుంగభద్ర అవతలికి పోతే వస్తుంది. మనలాగే వానను నమ్ముకున్న నేల. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యే దాకా అక్కడివాళ్ళూ మనవాళ్ళలాగే ఆకాశం వైపు చూసినవాళ్ళే. అటువంటి నేలలో జొన్న పండించిన రైతు కట్టిన శిస్తు కూడా ఆ గడియారంలో, ఆ పాలరాతిలో వుంది. ముందు చెబుతామన్న సంబంధం ఇదే. కరువు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? వాన తప్పిన యేడు పశువులను అమ్ముకొని బెంగుళూరికి బస్సెక్కిన కుటుంబాలు మన సంఘంలోనే వున్నాయి. అందువల్ల ఆ గదుల్లో నడిచేటప్పుడు ఇది నవాబుగారి సొత్తు అని మాత్రమే అనుకోలేము. ఇందులో మెట్టరైతు వాటా వుంది.

ఆ వాటా తిరిగి జనం చేతికి ఎట్లా వచ్చిందో అదే యీ కథలో అసలు భాగం. నవాబుగారు 1949 మార్చి 2న కన్నుమూశారు. దాయిరా మీర్ మోమిన్‌లో, తమవారి సమాధుల చెంతనే ఆయన్ను ఖననం చేశారు. అంతకు ఆరు నెలల ముందే హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆయన పోయిన ఆరు నెలల లోపలే, ఆగస్టులో, జాగీర్ల రద్దు జరిగింది. సొంత సంతానం లేదు. చుట్టరికం వరుసన వారసులు చాలామంది. వేల వేల వస్తువులు. మామూలుగా ఏం జరుగుతుంది? మనకు తెలియనిదా! పెద్దాయన నలభయ్యో రోజు కాకముందే పంపకాల మాట లేస్తుంది. ఇక్కడా అదే జరిగివుంటే రెబెక్కా ఒక ఇంటికి, గడియారం ఒక ఇంటికి, ఖురాన్ షరీఫ్ ఏ లండను దుకాణానికో పోయివుండేవి.

అట్లా జరగలేదు. ఎస్టేటు చూడడానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. నవాబుగారి పేరు నిలవాలని అప్పటి పాలనాధికారి వెల్లోడిగారు తలపెట్టి, కళావిమర్శకులు జేమ్స్ కజిన్స్ గారిచేత వస్తువులను వరుసగా సర్దించారు. 1951 డిసెంబరు 16న పండిత నెహ్రూగారు దివాన్ దేవ్డీలోనే మ్యూజియం తెరిచారు. వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. చివరకు 1958లో వారసులు రాజీకి వచ్చి, హైకోర్టు డిక్రీ మేరకు సేకరణ మొత్తం భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ వొడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. తర్వాత రెండు ప్రక్కలా కట్టిన భవనాలకు తాతగారి పేరు ఒకదానికి, తండ్రిగారి పేరు ఒకదానికి పెట్టారు. నెల నిండకుండా తండ్రిని పోగొట్టుకున్న బిడ్డకు ఇప్పుడు ఒక ప్రక్క తాత, ఒక ప్రక్క తండ్రి. ఒకనాటి దివాన్ దేవ్డీకి మాత్రం గేటు తప్ప చెప్పుకోదగ్గదేమీ మిగల్లేదు. ఇల్లు పోయింది, ఇంట్లోది నిలిచింది.

కొనడం గొప్ప అని మేము అనడం లేదు. డబ్బున్నవాడు ఎవడైనా కొంటాడు. పంచుకోకుండా వుండడం గొప్ప. హక్కుండి కూడా, తలా ఒక ముక్క తీసుకోకుండా అందరికీ వదిలిన ఆ వారసుల పేర్లు మనకు నోటికి రావు. కానీ వాళ్ళు ఒప్పుకొని వుండకపోతే మన పిల్లలు పన్నెండు గంటల దెబ్బలు లెక్కపెట్టేవాళ్ళు కాదు.

చివరగా మన ఇళ్ళ మాట. మనలో నవాబులు లేరు. అయినా ఏ పాత ఇంట్లో చూసినా అటక మీద ఒక ట్రంకు పెట్టె వుంటుంది. అందులో ముత్తాత చేత్తో వ్రాసుకున్న కితాబో, యునానీ మందుల పుస్తకమో, నానీ అమ్మ నికాహ్‌నామానో, మసీదు భూమి తాలూకు పాత కాగితమో వుండకపోదు. నాన్న పోగానే నేల పంచుకుంటాం, ఇల్లు పంచుకుంటాం. ఆ పెట్టె మాత్రం ఎవరి వాటాకూ రాదు. ఎవరి వాటాకూ రానిది చెదల వాటాకు పోతుంది. ఫార్సీ చదవగలిగిన పెద్దలు మన వూళ్ళల్లో ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఇంకో పదేళ్ళు ఆగితే ఆ కాగితం మీద ఏముందో చెప్పేవారే వుండరు.

కాబట్టి సభ్యులందరికీ మా మనవి ఒక్కటే. ఈ సంచిక చదివిన వారంలోగా ఆ పెట్టె దించండి. ఎండలో కాదు, నీడలో పెట్టి దుమ్ము దులపండి. ఏమున్నదో ఒక నోటుబుక్కులో వ్రాయండి, చదవగల పెద్దవారికి చూపించండి. పంచుకోవద్దు, ఒకరి దగ్గర వుంచి అందరిదని వ్రాసుకోండి. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు గడియారం చూశాక వ్రాతప్రతుల విభాగానికి కూడా పిల్లలను తీసుకెళ్ళండి. పెట్టె దించిన ఇంటి పిల్లలకు ఆ అద్దాల వెనకనున్న కాగితాలు కొత్తగా అనిపించవు.

నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ గారికీ, ఆ సేకరణకు తమ కష్టాన్ని శిస్తుగా కట్టిన పేరులేని రైతులకూ అల్లాహ్ మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.