హక్కుగా అడగడం నేర్పిన ఈశ్వరీబాయి

మన వసతి గృహాల్లో అంబేద్కర్ జయంతి, పూలే జయంతి ఏటా జరుపుకుంటాం. వారి బాటలో నడిచి, మన జంటనగరాల్లోనే పుట్టి, పేదల కోసం జీవితమంతా పనిచేసిన ఒక తల్లి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆమే శ్రీమతి జెట్టి ఈశ్వరీబాయి.

ఈశ్వరీబాయి 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్‌లోని చిలకలగూడలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. తల్లి రాములమ్మ, తండ్రి బలరామస్వామి. తండ్రి రైల్వేలో ఉద్యోగి. దళితుల ఇళ్లలో ఆడపిల్లను బడికి పంపడమే అరుదైన ఆ రోజుల్లో ఆమె మిషన్ స్కూల్లోను, కీస్ హైస్కూల్లోను చదువుకున్నారు. పదమూడేళ్లకే పెళ్లి చేసి పూణేకు పంపారు. భర్త దంతవైద్యుడు. కానీ ఆ కాపురం ఎంతోకాలం సాగలేదు. చిన్న కూతురు గీతను తీసుకుని ఆమె పుట్టింటికి తిరిగి వచ్చారు.

అలా వచ్చిన ఆడదాన్ని లోకం ఎలా చూస్తుందో చెప్పనక్కరలేదు. ఆమె ఎవరి మీదా ఆధారపడలేదు. టీచరుగా చేరారు, ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు చెప్పారు. తన కాళ్ల మీద తాను నిలబడ్డాక బస్తీ వైపు చూశారు. పేద పిల్లల కోసం చిలకలగూడలో బడి పెట్టారు. ఆడవాళ్లకు కుట్టుపని వంటివి నేర్పించారు. చేతిలో పని ఉంటేనే ఆడదానికి ధైర్యం వస్తుందని ఆమెకు స్వానుభవంతో తెలుసు.

1942లో నాగపూర్‌లో అంబేద్కర్ నాయకత్వంలో జరిగిన నిమ్నవర్గాల మహాసభకు ఆమె వెళ్లివచ్చారు. అక్కడి నుంచి ఆమె దారి మారలేదు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో పనిచేశారు. 1950ల తొలినాళ్లలో చిలకలగూడ నుంచి మున్సిపల్ కౌన్సిలర్‌గా గెలిచి బస్తీల్లో నీళ్ల కోసం, దీపాల కోసం పోరాడారు. 1957లో రిపబ్లికన్ పార్టీ ఏర్పడ్డాక రాష్ట్రంలో దానికి ముఖ్య నాయకురాలయ్యారు. 1964 డిసెంబర్‌లో ఆ పార్టీ దేశమంతటా సత్యాగ్రహం చేసింది. బంజరు భూమి భూమిలేని కూలీలకు పంచాలని, కనీస కూలి ఇవ్వాలని అడిగి లక్షలాది మంది జైళ్లకు వెళ్లారు.

1967లో నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నుంచి ఆమె శాసనసభకు పోటీ చేశారు. మాజీ మంత్రి, దళిత నాయకురాలే అయిన టి.ఎన్. సదాలక్ష్మి గారిని ఓడించి గెలిచారు. ఆ తర్వాత 1969 తెలంగాణ ఉద్యమంలో వారిద్దరూ ఒకే వైపు నిలిచారు. ఈశ్వరీబాయి జైలుకు కూడా వెళ్లారు. 1972లో మళ్లీ అక్కడి నుంచే గెలిచారు.

1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత పాలేరు మీద దొంగతనం మోపి, కట్టేసి, సజీవంగా తగలబెట్టారు. ఆ దారుణం రాష్ట్రాన్ని కుదిపేసింది. ఆ రోజుల్లో ఒక మంత్రి దళితులను కించపరుస్తూ మాట్లాడితే ఈశ్వరీబాయి నిండు సభలో కాలి చెప్పు తీసి చూపించారు. అది సభా మర్యాద కాదని కొందరు అనవచ్చు. కానీ కూలి మనిషి ప్రాణానికే విలువ లేని చోట ఆమె కోపం ఎవరి పక్షాన ఉందో మనం గుర్తించాలి.

ఆమె 1991 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఒంటరిగా పెంచిన కూతురు డాక్టరై, 1989లో గజ్వేల్ నుంచి శాసనసభ్యురాలై, మంత్రి కావడం ఆమె కళ్లారా చూశారు. సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో ఆమె పేరున ఒక నర్సింగ్ కాలేజీ ఉంది.

మిత్రులారా! మన ఖాజాగూడ చుట్టూ లేచిన అద్దాల మేడలను కట్టింది అడ్డా కూలీలే. మనలో ఎందరి తల్లిదండ్రులో అలా ఇటుకలు మోసినవారే. మనం తినే అన్నం, మనకిచ్చే పుస్తకాలు, స్కాలర్‌షిప్ ఎవరో జాలిపడి వేసిన బిచ్చం కాదు. ఈశ్వరీబాయి వంటివారు వీధుల్లో, సభల్లో, జైళ్లలో అడిగి సాధించిన హక్కు. మెస్ చార్జీలు రాకపోయినా, అన్నం బాగాలేకపోయినా తలవంచుకోకుండా అడుగుదాం. బాగా చదువుకుని, రేపు మన వెనక వచ్చే వారి తరఫున కూడా అడుగుదాం. ఆమెకు అదే నిజమైన నివాళి.