గుండె పని చేసే మిషను కనిపెట్టిన జాన్ గిబ్బన్

ఈ నెల గొప్పవారి జీవితం రాసే వంతు నాది. నేను జాన్ గిబ్బన్ అనే డాక్టరు గారి గురించి రాస్తున్నాను. ఎందుకంటే మా చెల్లికి గుండెలో చిల్లు ఉంటే పట్నంలో ఆపరేషన్ చేశారు. అప్పుడు గుండెను ఆపి, దాని పని ఒక మిషను చేత చేయించారని నర్సమ్మ మా అమ్మకి చెప్పింది. అమ్మ ఇప్పటికీ నమ్మదు.

గిబ్బన్ గారు 1903లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. వాళ్ళ నాన్న, తాత డాక్టర్లే. ఈయనకి మాత్రం డాక్టరు చదువు మధ్యలో మానేసి రచయిత అవ్వాలనిపించిందంట. నాన్న ముందు చదువు పూర్తి చెయ్యమన్నారు. 1927లో డాక్టరు అయ్యారు.

తరువాత బోస్టన్ ఆసుపత్రిలో ఉండగా ఒక ఆమెకు ఆపరేషన్ అయ్యాక రక్తం గడ్డ కట్టి ఊపిరితిత్తుల నాళంలో అడ్డం పడింది. ఈయన రాత్రంతా ఆమె మంచం దగ్గరే కూర్చొని నాడి, రక్తపోటు చూశారు. తెల్లారేక పెద్ద డాక్టరు కోసి గడ్డ తీసినా ఆమె బతకలేదు. ఆ రాత్రే ఈయనకి ఆలోచన వచ్చింది. నల్లబడిన రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ పట్టించి, ఎర్రగా చేసి మళ్ళీ ఒంట్లోకి పంపితే ఎలా ఉంటుందని. చాలామంది ఇది అయ్యే పని కాదన్నారు. ఆయన భార్య మేరీ గారు మాత్రం ప్రయోగశాలలో పక్కనే నిలబడి పని చేశారు.

మొదట పిల్లుల మీద చేశారు. వీధి పిల్లుల్ని చేప ముక్క చూపించి గోనెసంచిలో పట్టుకొచ్చేవారంట! 1935లో ఒక పిల్లి మిషను మీద 26 నిమిషాలు బతికింది.

యుద్ధం అయ్యాక కుక్కల మీద మొదలుపెట్టారు. కుక్క పెద్దది, రక్తం ఎక్కువ కావాలి, పిల్లి మిషను చాలదు. ఐబీఎం కంపెనీ ఇంజనీర్లు సాయం చేశారు. సన్నని తీగ జల్లెడ లాంటి తెరల మీద రక్తాన్ని పలచగా జారనిచ్చి ఆక్సిజన్ పట్టించారు. అయినా మొదట్లో పది కుక్కల్లో ఎనిమిది దాకా చచ్చిపోయేవి. ఎందుకంటే బయటికి తీసిన రక్తం, లోపలికి పంపే రక్తం సమానంగా ఉండాలి. తేడా వస్తే రక్తపోటు పడిపోతుంది. గాలి బుడగ గాని, చిన్న గడ్డ గాని వెళ్ళి మెదడులో అడ్డం పడినా అంతే. మన ఊర్లో పండక్కి మేకను కోస్తే డొప్పలో పట్టిన రక్తం కాసేపటికే గడ్డ అవుతుంది కదా, మిషనులో కూడా అలాగే అవుతుంది. అందుకని హెపారిన్ అనే మందు కలిపేవారు, వడపోత కూడా పెట్టారు. అలా సరిచేసుకుంటూ వస్తే 1952 నాటికి పదింట ఒకటి మాత్రమే చచ్చిపోయేది. ఇది చదువుతుంటే నాకు మా ఇంటి కుక్క గుర్తొచ్చి పుస్తకం కాసేపు మూసేశాను.

1952లో మొదటిసారి 15 నెలల పాపకి చేశారు. లోపం ఒకటైతే ఇంకొకటి అనుకున్నారు, పాప చనిపోయింది. 1953 మే 6న గుండెలో చిల్లు ఉన్న 18 ఏళ్ళ అమ్మాయికి చేశారు. మధ్యలో తెరల మీద రక్తం గడ్డ కట్టడం మొదలైంది. అయినా చిల్లు కుట్టేశారు. 26 నిమిషాలు మిషనే ఆమెకు గుండె, ఊపిరితిత్తులు. ఆమె బతికి చాలా ఏళ్ళు ఉంది. కానీ ఆ వెంటనే చేసిన ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. గిబ్బన్ గారు మళ్ళీ ఆ మిషనుతో ఆపరేషన్ చెయ్యలేదు. 1955లో వేరే ఆసుపత్రి వాళ్ళు దాన్ని బాగుచేసి ముందుకు తీసుకెళ్ళారు.

ఆయన 1973 ఫిబ్రవరి 5న టెన్నిస్ ఆడుతుండగా గుండెపోటుతోనే చనిపోయారు.

మా చెల్లి ఇప్పుడు మూడో తరగతి. నీళ్ళ బిందెతో గట్టు ఎక్కుతుంది. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు దానికి ఈ కథంతా చెప్పాలి. కుక్కల సంగతి చెప్పాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు, రాత్రిళ్ళు మా కుక్క దాని పక్కనే పడుకుంటుంది.